నీటిమట్టం

ఆరడుగుల గాజుతొట్టిలోకి నీళ్లు పడుతున్నాయి, మధ్యాహ్నం భోజనాలయినప్పటి నుంచి పడుతూనే ఉన్నాయి, ఎదురుగా సోఫాలో చాయ్ కప్పు పట్టుకుని కూర్చున్న అఖిల ఈ ఇంట్లో ఏ వస్తువుకైనా ఒక హద్దంటూ ఉంటుందా అని చూస్తోంది. సోఫా ఎంత వెడల్పంటే వీపు ఆనిస్తే కాళ్లు నేలకు అందవు, కాళ్లు ఆనిస్తే వీపుకు ఆసరా ఉండదు, ఇంట్లో సోఫా ఉందని పదిమందికి చెప్పుకోవడానికి చేయించిన సోఫా. పైన వేలాడే దీపాల గుత్తి ఏదో ఫంక్షన్ హాల్లోంచి ఊడబీక్కొచ్చినట్టుంది. దేవుడి గది తలుపుకు గంటలు, గంటల చుట్టూ రంగు లైట్లు, లోపల దేవుళ్లకు ఊపిరాడుతోందో లేదో. అర్సపల్లి దాటాక బోధన్ రోడ్డు మీద చెల్లెలు లత, మరిది మధుకర్ కట్టుకున్న కొత్త ఇల్లు. మధుకర్‌కు నిజామాబాద్ గంజ్‌లో పసుపు వ్యాపారం, ఈ మార్చి నెలలో యార్డు నిండా పసుపు కుప్పలే కాబట్టి మనిషి కాలరు, వేళ్లు, చివరికి చెవికి ఆనించే ఫోను కూడా పచ్చగానే ఉంటాయి, కడుక్కున్నా పోదంటాడు, కడుక్కుంటే కదా. ఇప్పుడు ఆ ఫోనులోనే వరండాలో నిలబడి ఎవరికో అరిచి చెబుతున్నాడు: "పొద్దుగూకినంక రాండ్రి అన్నా, అందరు రావాలె. అక్వేరియం వెట్టిన. చిన్నది గాదన్నా, అండ్ల మనిషి పండొచ్చు!" మనిషి పండొచ్చట, ఇంతకన్నా తొట్టి గొప్పతనం ఏం చెప్పగలడు ఆ మనిషి. అఖిల చాయ్‌ను పెదవికి తాకించి దించేసింది. చక్కెర ఎక్కువైంది. ఇక్కడ అదీ అంతే.

ఆకుపచ్చ పైపు బాత్రూమ్ నల్లా నుంచి హాలంతా అడ్డంగా పరుచుకుని వచ్చి తొట్టి అంచుకు తాడుతో కట్టేసి ఉంది, నీటి ధారకు అడుగున పరిచిన రంగురాళ్లు చెదరకుండా చేపల దుకాణం శేఖర్ ఒక స్టీలు పళ్లెం పెట్టాడు, ఆ పళ్లెం మీద నీళ్లు పడి లేచే చప్పుడే ఇంటినిండా. రాళ్లు గులాబీ రంగువి. ఏ ఏట్లో గులాబీ రంగు రాళ్లు ఉంటాయో, ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు జువాలజీ చెబుతున్న అఖిలకు తెలియదు. రాళ్ల మీద ఒక కోట, కోట పక్కన నోరు తెరిచి మూసే నిధిపెట్టె, దాని పక్కన కళ్లలోంచి గాలిబుడగలు వదిలే ప్లాస్టిక్ పుర్రె, వెనక అద్దానికి సముద్రపు పగడాల బొమ్మ అంటించిన పెద్ద కాగితం. మంచినీళ్ల చేపలు, వెనక ఉప్పు సముద్రం, ముందు రాజుల కోట, నడుమ పుర్రె. మధుకర్ తల్లి దేవవ్వ పొద్దుట్నుంచి ఆ పుర్రె చుట్టూనే తిరుగుతోంది. "ఎవలది గది? ఇంట్ల పుర్రె వెట్టుకుంటరా ఎవలన్న? పండుగనాడు బువ్వెట్ల తినాలె దాని ముంగట?" ఈ ఇంట్లో ఇవాళ వినిపించిన తెలివైన మాట అదొక్కటేనని అఖిలకు అనిపించింది, కానీ ఆ వెంటనే ముసలామె బకెట్‌లో తేలుతున్న చేపల సంచుల మీదికి వంగి, "గింత గింత ఉన్నయ్, కూరకు సుత సరిపోవు," అంది, ఆ కాస్త తెలివీ అక్కడితో సరి.

పోయిన ఆదివారం లత ఫోను చేసి, "అక్కా, నువ్వు జువాలజీ గదా, జెర వచ్చి చేపలు సూడు," అనడంతో మొదలైంది ఇదంతా. ఖలీల్‌వాడి వెనక సందులో దుకాణం, లోపల నీలం వెలుతురు, వరసగా గాజుపెట్టెలు, పెట్టెల్లో సూదితో రంగెక్కించిన చేపలు, ఆకుపచ్చవి, ఊదావి, పాపం వాటి తల్లులు కూడా గుర్తుపట్టలేని రంగులవి. నుదుటి మీద పెద్ద బుడిపె ఉన్న ఒక చేపను చూపించి శేఖర్ గొంతు తగ్గించాడు, "సేట్, దీని నుదురు ఎంత పెరిగితే ఇంట్ల గంత కలిసొస్తది," మధుకర్ చెయ్యి తనకు తెలియకుండానే తన నుదుటి మీదికి పోయింది. వాస్తు చెప్పేవాడు ఏ మూల పెట్టమన్నాడో, ఎన్ని ఎర్రవి, ఎన్ని నల్లవి కొనమన్నాడో, నల్లది చచ్చిపోతే ఇంటి మీది దిష్టి పోయినట్టే లెక్క అని ఎలా చెప్పాడో అన్నీ మధుకర్ వివరిస్తుంటే శేఖర్ తల ఊపుతున్నాడు, లత వింటోంది, అఖిల ఊరుకోలేక, "ఇంత పెద్దది ఎందుకే? ముందు చిన్నది కొనుక్కో, సాదుడు నేర్చుకో," అంది. మధుకర్ నవ్వాడు. "వదినెకు దేవుడు కండ్లిచ్చిందే వంకలు సూడనీకి!" శేఖర్ నవ్వాడు, అక్కడెవరో చేపలకు తిండి కొనడానికి వచ్చిన ఆయన కూడా నవ్వాడు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లత కూడా. అఖిల తానూ నవ్వింది. ఇక దీని గురించి ఒక్క మాట కూడా మాట్లాడకూడదని ఆ నవ్వులోనే అనుకుంది.

అందుకే ఇప్పుడు మాట్లాడటం లేదు. తొట్టి పైఅంచుకు చుట్టూ నల్లటి పట్టీ ఉంది, నీళ్లు సగం దాటినప్పటి నుంచి అఖిల ఆ పట్టీనీ నీటి గీతనూ కలిపి చూస్తోంది, కుడివైపు పట్టీకీ నీటికీ మధ్య జానెడు ఖాళీ ఉంటే ఎడమవైపు అంతకన్నా తక్కువుంది, మొదట్లో వేలి మందం తేడా, ఇప్పుడు రెండు వేళ్లు. నీళ్లు అబద్ధం చెప్పవు, తొట్టి ఎడమకు వంగింది. ఇదేం గొప్ప చదువు కాదు, గ్లాసు పట్టుకున్న ఎవరికైనా తెలుస్తుంది, కానీ చూడాలి కదా, చూడటానికి కళ్లు కావాలి, ఆ కళ్లు దేవుడు తనకొక్కదానికే ఇచ్చాడట. తొట్టితో పాటు ఇనుప స్టాండు వచ్చింది, అది చెప్పుల స్టాండులా ఉందని మధుకర్ వెనక్కి పంపించి, ఇల్లు అలంకరించినవాడితో చెక్కపెట్టె చేయించాడు, చెక్క అంటే చెక్కా కాదు, పొట్టు నొక్కి చేసిన బల్ల, పైన బంగారు రంగు పూత, కింద రెండు తలుపులు, తలుపులకు సింహం తల పిడులు. పది పన్నెండు పసుపు బస్తాల బరువు ఉంటుంది తొట్టి నిండితే. పది పన్నెండు బస్తాలు ఈ పెట్టె మీద పేర్చమంటే పేరుస్తాడా, పేర్చడు, బస్తా బరువు తెలుసు, నీళ్లకు కూడా బరువుంటుందని ఎవరూ చెప్పలేదు కాబోలు. శేఖర్ దించేటప్పుడు ఒకసారి పెట్టెను తట్టి, "ఇనుపదే మంచిగుండు సేట్," అన్నాడు, సేట్ ముఖం చూసి ఊరుకున్నాడు. వాడికి తెలుసు. చేపలమ్ముకునేవాడే తెలిసీ నోరు మూసుకున్నప్పుడు, వంకలు చూసే వదినె ఎందుకు తెరవాలి. నీటి గీత కనపడీ కనపడకుండా ఇంకొంచెం ఒరిగింది. పరీక్ష హాల్లో తప్పు జవాబు రాస్తున్న పిల్లవాడి వెనక నిలబడి చదువుతున్నప్పుడు కలిగే సుఖంలాంటిదేదో అఖిలలో మెల్లగా కదిలింది.

అల్పునికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమంటాడు అనేవాడు బాపు, అఖిల తండ్రి. బాపు దేవిదాస్ బోధన్‌లో, శక్కర్‌నగర్‌లో, చక్కెర ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేసేవాడు, చెరుకు రసంలో తీపి ఎంతుందో చూసి చెప్పడం ఆయన పని, ఆ పని చివరికి ఆయన కళ్లకే అంటుకుపోయింది, మనిషి ఎదురైతే చాలు, వాడిలో ఎంత తక్కువుందో ముందు చూసేవాడు. చలికాలం సాయంత్రాలు, క్వార్టర్ మెట్ల మీద, ఊరంతా మొలాసిస్ వాసన, రోడ్డు మీద చెరుకు ట్రాక్టర్ల బారు, బాపు పక్కన కూర్చుని పోయేవాళ్లకు పేర్లు పెట్టడం ఇద్దరి ఆట. నడుం ఊపుతూ నడిచే గుమాస్తా రైలుపెట్టె, ఎప్పుడూ నవ్వే టీచరమ్మ పళ్ల దుకాణం. అఖిల పెట్టిన పేరు బాగుంటే బాపు పైపెదవి ఒక పక్కకు లేచేది, అంతే, నవ్వు కూడా కాదు, ఆ పెదవి కోసం అఖిల ఏ మనిషినైనా నిలువునా కోసేది. లతకు ఆ ఆట వచ్చేది కాదు. ఎవరికి పేరు పెట్టినా, "పాపం," అనేది, అందుకని దానికే పాపమ్మ అని పేరు పెట్టాడు బాపు. ఇంటర్ రెండుసార్లు తప్పినప్పుడు పాపమ్మ, గంజ్‌లో బస్తాలు లెక్కపెట్టే కుర్రవాడితో సంబంధం కుదిరినప్పుడు పాపమ్మ. ఫ్యాక్టరీ మూతపడ్డాక బాపు హోటల్లో కూర్చుని మూయించినవాళ్లనూ, మూయించుకున్నవాళ్లనూ, ధర్నా చేసేవాళ్లనూ, చేయనివాళ్లనూ సమానంగా తిట్టేవాడు, ఏడాది తిరిగేసరికి ఆ బల్ల దగ్గర ఆయనొక్కడే మిగిలాడు. పక్షవాతం వచ్చినప్పుడు తన ఇంటికి తీసుకుపోయింది లత. పక్క మీది నుంచి కూడా బాపు మధుకర్‌ను మొహం మీదే పసుపు బస్తా అన్నాడు, మధుకర్ ఆయన్ను రెండు చేతుల మీద ఎత్తుకుని స్నానాలగదికి మోస్తూ, "బస్తా నిండుగున్నది గదా మామా, సాలు," అని పకపకా నవ్వాడు. ఆదివారం ఆదివారం పళ్లు పట్టుకుపోయే అఖిల ఆ పక్కనే ఉంది, బాపు పెదవి వంకర మూతిలోనే ఒక పక్కకు లేవడం చూసింది, తనదీ లేచింది. బాపు పోయిననాడు పాడె మోసింది గంజ్ హమాలీలు. మోయడానికి శక్కర్‌నగర్ నుంచి ఒక్కరూ రాలేదు. ఆ హమాలీలు శ్మశానం గోడ దగ్గర తంబాకు నలుపుతుంటే, శుభ్రం తెలియని మనుషులు, అనుకుంది, అలా అనుకున్నట్టు ఇప్పటికీ గుర్తుంది, ఎందుకు గుర్తుందో తెలియదు, నీళ్లు పళ్లెం మీద పడుతున్నాయి.

లత వచ్చి తొట్టి ముందు నేల మీద కూర్చుంది. నలభై దాటిన మనిషి, ఒళ్లు వచ్చిన మనిషి, చీర కుచ్చిళ్లు తడుస్తున్నా లెక్కలేకుండా బకెట్‌లోంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది, సంచిలో ఎర్రచేప మూతి తెరుస్తూ మూస్తూ తిరుగుతోంది, లత కూడా తనకు తెలియకుండా మూతి తెరుస్తూ మూస్తోంది. "అక్కా, సూడు, నన్నే సూస్తున్నది."

"అది నిన్ను చూస్తలేదు. వెలుతురు చూస్తున్నది."

"వెలుతురు నా దిక్కే ఉన్నదేమో," అంది లత, సంచిని ఇంకా దగ్గరికి తీసుకుంటూ. సంచి ముడిని వేలితో తడుముతూ, "గీటిని ఎట్ల వదులాలె అక్కా? ఇప్పుడే వదిలితే ఏమన్నయితదా? నీకు తెల్సు గదా."

తెలుసు. ఇవాళ నింపిన తొట్టిలో ఇవాళే చేపలను వదలకూడదని తెలుసు, నీళ్లకు కూడా చేపలను సాకే గుణం రోజుల తరబడి పట్టాలని తెలుసు, కొత్తనీళ్లలో ఇవి వారం తిరగకుండా వెల్లకిలా తేలతాయని తెలుసు, సాయంత్రం గంజ్ దోస్తులు చూసి వెళ్లడానికి మటుకు బతుకుతాయని కూడా తెలుసు. నోటిదాకా వచ్చింది. వచ్చినదాన్ని తియ్యటి చాయ్‌తో మింగేసింది. "దుకాణపాయన ఉన్నడు గదా," అంది. "ఆయన్నే అడుగు."

లత ఒక క్షణం చూసి తల ఊపింది. "ఆయన అమ్మెటాయన. నువ్వు చదువుకున్నదానివి," అని మళ్లీ సంచిలోకి చూపు తిప్పుకుంది. "వాస్తు గీస్తు ఏం లేదక్కా. మా ఆయనకు గట్ల చెప్తెనే కొంటడని నేనే చెప్పిచ్చిన. నాకు సూడబుద్ధయితది, గంతే. పొద్దంత పని ఒడిశినంక గీడ గిట్ల కూసుంటా అనుకున్న."

సూడబుద్ధయితది, గంతే. ఇంత పెద్ద తొట్టి, ఇంత హంగామా, దాని వెనక ఉన్నది ఇంతేనా. దీన్ని ఏమనాలో అఖిలకు వెంటనే దొరకలేదు, పేరు పెట్టడానికి పట్టు చిక్కని మాట, చిక్కనందుకు ఇంకాస్త చిరాకేసింది. ఏం చూస్తుంది, ఏమర్థమవుతుంది దీనికి, మొప్పలంటే తెలుసా, చేప ఒంటి మీది పక్కగీత అంటే తెలుసా, కదిలేదాన్ని చూస్తూ కూర్చోవడం పిల్లి కూడా చేస్తుంది. తనకు చూడబుద్ధయ్యేది ఏముందో వెతికితే, ఏదీ తట్టలేదు. భర్త వేణు గుర్తొచ్చాడు. డిచ్‌పల్లి యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా, మంచివాడు, అలాగే అంటారు అందరూ, అది తిట్టో పొగడ్తో అఖిలకు ఎన్నడూ తేలలేదు, ఆ మొగుడు కొన్నేళ్ల నుంచి ఏది కొన్నా ఆమెకు చూపించడం మానేశాడు. ఆ మధ్య ఒక నీలం గళ్ల చొక్కా కొనుక్కుని, ఆఫీసు సంచిలోనే దాచి, రెండు మూడుసార్లు ఉతికించి, రంగు కాస్త వెలిసాక తొడుక్కున్నాడు. కొత్తదా అంటే, "పాతదే," అన్నాడు గోడ వైపు చూస్తూ. అంగీ గురించి అబద్ధమాడే మగవాడు, థూ, అని ఆ రోజంతా అసహ్యించుకుంది. అబద్ధం ఎందుకాడాల్సొచ్చిందని ఇప్పుడు, ఈ నీళ్ల చప్పుడులో, ఎందుకో మొదటిసారి అనిపించబోయింది, అఖిల ఆ ఆలోచనను చాయ్ కప్పుతో పాటు పక్కన పెట్టేసింది.

లత సంచిని బకెట్‌లో దించి లేచి, చేపలు పట్టే జాలీ కోసం కింద పెట్టె తలుపు లాగింది. ఎడమవైపు తలుపు. పొద్దున వేలితో తడితే తెరుచుకున్న తలుపు ఇప్పుడు రాలేదు. సింహం తల పట్టుకుని రెండు చేతులా గుంజింది, "ఇదేందే, పట్టేసింది," అంది తనలో తాను, కొంచెం వచ్చి మళ్లీ బిగుసుకుంది, మూలన బంగారు పూత వెంట్రుకంత లేచి కింద ముదురు రంగు పొట్టు కనిపించింది. వదిలేసి కుడివైపు తలుపు తీసి జాలీ అందుకుంది. తలుపు చట్రంలో ఇరుక్కుంటోందంటే చట్రం కుంగుతోంది. అఖిల కళ్లు ఆ మూల మీదే ఉన్నాయి. ఇప్పుడు చెప్పొచ్చు. చెబితే ఏమవుతుంది, శేఖర్, "ఏం గాదు మేడం," అంటాడు, మధుకర్ వరండాలోంచి, "మొదలు వెట్టింది వదినె," అని నవ్వుతాడు, లత కొంగు నోటికి పోతుంది. చెప్పకపోతే. చెప్పకపోతే సాయంత్రం, గంజ్ దోస్తులంతా మిర్చీబజ్జీల పళ్లాలు పట్టుకుని ఇక్కడ నిలబడి ఉన్నప్పుడు, అండ్ల మనిషి పండొచ్చని అతను ఇంకోసారి అంటున్నప్పుడు. ఆ దృశ్యం అఖిల కళ్లముందు పూర్తిగా, లోటేమీ లేకుండా వచ్చింది, మధుకర్ ముఖంతో సహా, తాను తర్వాత అనబోయే ఒక్క వాక్యంతో సహా. నేను ఆనాడే అన్న గదా. ఎంత మంచి వాక్యం. పెదవి ఒక పక్కకు లేవడం ఆమెకు తెలిసింది.

దేవవ్వ ప్లాస్టిక్ కుర్చీని బరబరా ఈడ్చుకుంటూ వచ్చింది. తొట్టి పక్కన, సరిగ్గా ఎడమ మూలకు, చల్లగా ఉందని వేసుకుంది, పుర్రె కనపడకుండా అద్దానికి వీపు పెట్టి కూర్చుంది, నొప్పి కాలు చాపుకుంది. "ఇగ ఇంట్లనే చెరువు," అంటూ కళ్లు మూసుకుంది. ముసలామె తెల్లజడ చిటికెన వేలంత సన్నం, మెడ మీద అటూ ఇటూ కాకుండా పడుకుని ఉంది, ఆ మెడకు పై ఎత్తున, ఒక్క గాజుపలక అవతల, బస్తాల కొద్దీ నీళ్లు. పెట్టెలో ఎక్కడో టిక్కుమంది. ఎవరూ వినలేదు. అఖిల విన్నది. మళ్లీ టిక్కుమంటుందా అని చెవి రిక్కించింది, ఆ రిక్కించడంలోనే తన కాళ్ల వైపు చూపు పోయింది. కాళ్లు నేల మీద లేవు. ఎప్పుడు లేపుకుందో తెలియదు, రెండు కాళ్లూ సోఫా మీదికి ముడుచుకుని, చీర అంచు కూడా తడవకుండా పిక్కల కిందికి దోపుకుని, పైన కూర్చుని ఉంది. నీళ్లు వస్తాయని ఒంటికి తెలిసిపోయింది. ఒళ్లు తన జాగ్రత్త తాను చేసుకుంది, చీరకు చేసింది, ఆ ముసలామె మెడకు చేయలేదు. పగలాలని చూస్తున్నాను నేను, అనుకుంది అఖిల, ఆ మాట లోపల అంత మామూలుగా, హాజరు పిలిచినట్టు పలికేసరికి, గొంతులోంచి ఇరవై ఏళ్ల పాఠాల భాష కొట్టుకుపోయి శక్కర్‌నగర్ అరుపు బయటికొచ్చింది.

"అవ్వా, లే! లెవ్వు గాడికెళ్లి! లతా, అవ్వను గుంజు, తొట్టి ఒరుగుతున్నది!"

"ఏం గాదు మేడం," అని శేఖర్ నోరు తెరిచాడు. అఖిల అప్పటికే సోఫా దిగింది. నల్లా కట్టి పైపు ఊడబీకింది, తొట్టి అంచున కట్టిన కొసను విప్పి నీళ్లలోకి అడుగుదాకా ముంచింది, రెండో కొస పట్టుకుని వాకిలి దాటి మెట్ల కింద మోకాళ్ల మీద పడి, మురికి నేల మీద పడ్డ ఆ కొసను నోట్లో పెట్టుకుని ఊపిరంతా లాగింది. మొదటిసారి గాలి. రెండోసారి గాలి. మూడోసారి నోటినిండా నీళ్లు, రాళ్ల పొడి, రబ్బరు వాసన, ఉమ్మేసి పైపును వాకిట్లోకి వదిలింది, ధార పట్టుకుంది. లోపల మధుకర్ ఏమీ అడగలేదు. నవ్వలేదు. ఫోను ఎక్కడ పారేశాడో, పరుగెత్తుకొచ్చి కుర్చీతో సహా తల్లిని ఎత్తుకుని వంటింటి గుమ్మంలో దించాడు, "ఏమాయె బిడ్డా, ఏమాయె," అని దేవవ్వ అడుగుతూనే ఉంది. అఖిల ఇంకో పైపు కోసం అరిచింది, లత బకెట్‌తో ముంచడం మొదలుపెట్టబోతే, "దగ్గరికి పోకు!" అని అరిచింది. పావుగంటకు నీళ్లు సగానికి కొంచెం కిందికి దిగాయో లేదో, ఎడమవైపు బంగారు తలుపు దానంతట అదే ఎగిరి అవతల పడింది. పెట్టె మూల నమిలేసిన చెరుకు పిప్పిలా చితికి, తొట్టి ఒక పక్కకు దిగి, అద్దం మూలన పట్‌మంది. ఆ మిగిలిన సగం నీళ్లు దేవవ్వ కూర్చున్న చోటి మీదుగా, నిలువెత్తు పలక ఒకటి విసిరినట్టు, గోడ దాకా పోయి వెనక్కి తిరిగి హాలంతా పరుచుకున్నాయి. గులాబీ రాళ్లు సోఫా కిందికి, కోట దేవుడి గదిలోకి, పుర్రె గుమ్మం దాకా. పెద్ద గాజుముక్క ఒకటి నేలలో గుచ్చుకున్నట్టు నిలబడి ఉంది.

తర్వాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. శేఖర్ తడిసిన ప్యాంటుతో గోడకానుకుని ఇనుప స్టాండు గురించి చెబుతూనే ఉన్నాడు, ఎవరూ వినడం లేదు. మధుకర్ పాదాలు మునిగీ మునగని నీళ్లలో నిలబడి అఖిల రెండు చేతులూ పట్టుకున్నాడు, పచ్చ వేళ్లు, తడికి ఆ పసుపు ఆమె మణికట్టుకు అంటింది, అతని కళ్లలో నీళ్లున్నాయి, దాచుకోవాలని కూడా తోచని మనిషి. "మా అవ్వ పాణం నిలవెట్టినవ్ వదినె. నీ రుణం ఎట్ల తీర్చుకోవాలె." ఫోను దొరికాక మళ్లీ వరండాలోంచి వినిపించింది, ఈసారి ఇంకా పెద్దగా: "అక్వేరియం పోతె పోయింది తియ్యన్నా! మా వదినె లెక్చరర్ గదా, ఒక్క సూపు సూసింది, పట్టేసింది. గా సూపు ఎవలకన్న వస్తదా?" ఇన్నేళ్లూ ఈ ఇంట్లో తనకు రావాల్సి ఉండి రాలేదనుకున్న మాట అదే, అక్షరం పొల్లుపోకుండా. దాన్ని విని నిలబడటానికి అఖిలకు చోటు దొరకలేదు. ఎటు జరిగినా నీళ్లే. వెటకారంగా ఏదో ఒకటి, అతని ఫోను గురించో, ఆ గొంతు గురించో, ఎప్పటిలా లోపల పుట్టాలని చూసింది. పుట్టలేదు.

లత పొరకతో నీళ్లను వాకిలి వైపు తోస్తోంది. చేపల బకెట్ వంటింటి గట్టు మీద భద్రంగా ఉంది, దాన్ని ముందే తీసి పెట్టింది. అఖిల సాయానికి వెళ్లి పక్కన నిలబడింది, పొరక ఇంకొకటి లేదు.

"అక్కా," అంది లత, తోయడం ఆపకుండానే, గొంతు పెంచకుండానే. "నేను గా తలుపు గుంజినప్పుడు నువ్వు గా దిక్కే సూస్తున్నవ్."

అఖిల కాలితో ఒక గులాబీ రాయిని పక్కకు నెట్టింది.

"ఎప్పటి సంది ఎరుక నీకు?"

నీళ్లు సగమైనప్పటి నుంచి. రెండు వేళ్ల తేడా ఉన్నప్పటి నుంచి. నువ్వు నవ్విన ఆదివారం నుంచి. ఇంకా ముందు నుంచి కూడా చెప్పొచ్చు, మొదలుపెడితే ఎక్కడ ఆగాలో తెలియదు. "ఇప్పుడే," అంది అఖిల. "గప్పుడే సూసిన. సూడంగనే ఒర్రిన."

లత పొరక ఆపి నిటారుగా నిలబడి అక్క ముఖంలోకి చూసింది. కోపం ఉంటుందేమోనని అఖిల వెతికింది, కోపమైతే జవాబు చెప్పేది. లత చూపు తీరిగ్గా, తొందరేమీ లేకుండా, ఆమె కళ్ల నుంచి గడ్డం దాకా ఒకసారి దిగి, ఇక చూడాల్సిందేమీ లేనట్టు పక్కకు తిరిగింది.

"మూతి తుడ్సుకో, ఇసుక అంటింది," అని భుజం మీది తువ్వాల తీసి ఆమె చేతికిచ్చి, వాకిట్లోకి కొట్టుకుపోయిన చెప్పులు ఏరుకు రావడానికి మెట్లు దిగింది.